చేపల వాసన

గ్లేస్ బేలో చేపల వాసన వస్తే
ఎవరూ తల తిప్పి చూడరు.
రేవు మీంచి గాలి మళ్ళిందనుకుంటారు, అంతే.
నేనూ అలాగే అనుకున్నాను,
వారం రోజులు.

మార్చి నెల. అట్లాంటిక్ మీద మంచు పలకలు
ఇంకా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.
పగలంతా ముసలివాళ్ళ ఇళ్ళు తిరుగుతాను.
ఒకరికి ఇన్సులిన్, ఒకరికి కాలి కట్టు,
ఒకరికి లేని జ్వరం చూసి
కాసేపు ఊరికే కూర్చోవడం.
రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరి
కారుకి తీగ తగిలించి పడుకుంటాను.

తీగకీ గోడకీ మధ్య ఒక అడాప్టరు,
గుప్పిట్లో పట్టేంత నల్లటి ముద్ద.
గోడకున్నది, బట్టలారబెట్టే మెషీను కోసం
ఇంటి యజమాని ఎప్పుడో చవగ్గా బిగించిన సాకెట్.
మెషీను ముప్పావుగంట తిరిగి ఆగుతుంది,
మధ్యమధ్య ఊపిరి తీసుకుంటుంది.
కారు అలా కాదు.
ఇరవై నాలుగు ఆంపియర్లు, ఆరు గంటలు,
గుక్క తిప్పుకోకుండా తాగుతుంది.

ఆ ఆదివారం లాక్లిన్ గిల్లిస్ వచ్చాడు,
పక్కింటాయన, ఎనభై ఒకటి,
నా మంచుపార తిరిగివ్వడానికి.
గరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు.
పార చేతిలోనే ఉంది.
"మర్నా, ఇవాళ గాలి ఎటు?"
"ఊరి మీంచి సముద్రం వైపు."
"మరి ఈ చేపలు ఎటునుంచి వస్తున్నట్టు?"

నా దగ్గర జవాబు లేదు.

ముప్పై నాలుగేళ్ళు సముద్రం అడుగున బొగ్గు తవ్వినవాడు.
నిప్పు లేనిదే పొగ రాదని
పైనున్నవాళ్ళం చెప్పుకుంటాం.
కింద, పొగ కోసం ఎదురుచూసినవాడు
పైకి రాడట.
ముందు వాసన. తర్వాత బండకి చెమట.
పొగ చివరాఖర్న, ఎవరూ పిలవని చుట్టంలా.

చేతొడుగు తీసి, చెయ్యి తిప్పి,
వేళ్ళ వెనకవైపు గోడకి ఆనించాడు.
అరచెయ్యి అయితే కరెంటుకి ముడుచుకుని పట్టేసుకుంటుందట.
నేను రోజూ పది నుదుళ్ళ మీద ఆనించేదీ
ఈ వేళ్ళ వెనకే.
"నువ్వూ చూడు," అన్నాడు.
చూశాను.
అలవాటుగా నోట్లోంచి అంకె రాబోయింది.

బ్రేకరు ఆపాక లాగితే అడాప్టరు రాలేదు.
రెండోసారికి వచ్చింది,
సాకెట్ పెదవి కొంత కొరుక్కుని.
నాలుగు ఇత్తడి కాళ్ళలో ఒకటి
ముదురు పాకం రంగు.
మాడే ప్లాస్టిక్కు కొన్నిసార్లు చేపల కంపు కొడుతుందట.
దాక్కోవడానికి దానికి
ఇంతకంటే మంచి ఊరు ఎక్కడ దొరుకుతుంది?

మంగళవారం ఎలక్ట్రీషియన్ రెజీనా బుద్రో వచ్చింది.
లోపల ఒక స్క్రూ వేలితోనే తిరిగింది.
ఒకటిన్నర చుట్టు.
బిగిస్తున్నవాణ్ణి ఎవరో టీకి పిలిచి ఉంటారు.
ఆ మిగిలిపోయిన ఒకటిన్నర చుట్టు మీద
నేను పదకొండు నెలలు నిద్రపోయాను,
పై గదిలో, కిటికీ మూసుకుని.

ఇప్పుడు మధ్యవర్తి లేడు.
తీగ నేరుగా గోడలోకే పోతుంది, కొత్తది, బొటనవేలంత లావు.
పదహారు ఆంపియర్లు చాలన్నాను.
బిల్లు ఇంటి యజమాని ఇంకా కట్టలేదు.
పాకం రంగు కాలున్న అడాప్టరుని లాక్లిన్ అడిగి తీసుకున్నాడు.
వంటింటి కిటికీలో
తన గని నంబరున్న ఇత్తడి బిళ్ళ పక్కన పెట్టుకున్నాడు.
ఎందుకని నేను అడగలేదు.

రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది.
చెప్పుల్లేకుండా దిగి వెళ్ళి
వేళ్ళ వెనకవైపు గోడకి ఆనిస్తాను.
చల్లగా ఉంటుంది.
నా పనిలో
చల్లదనం తగిలితేనే భయపడాలి.
అందుకే చెయ్యి వెంటనే తియ్యలేను.
ఇంకాసేపు ఉంచి,
ఇది గోడే కదా అని
నాకు నేను చెప్పుకుని
పైకి వస్తాను.